మరమనిషి గారి ఉద్యోగం

ఆ ఉదయం అంతరిక్ష మ్యూజియం గైడు గారు వేసుకున్న పథకం చిన్నదే. పెద్దాఫీసరు తనిఖీకి వచ్చేలోగా మొదటి గదిలోని పాత అంతరిక్ష సూటుకు చంకలో విడిన కుట్టు వేయాలి. తర్వాత ఆయన్ను మూడు గదులూ తిప్పి, చెప్పే మనిషి లేకపోతే మ్యూజియం వట్టి గోదామని ఒప్పించాలి. ఎందుకంటే మాట్లాడే మరమనిషి ఒకటి వస్తోందట. అది కుదురుకుంటే, ఇరవై ఏళ్లుగా ఆ గదులే లోకంగా బతికిన తను ఇంటికి పోవాలి. ఆ దిగులుతో ఆయనకు కంటి మీద కునుకు లేదు.

మొదటి గది గతం, రెండోది వర్తమానం, మూడోది భవిష్యత్తు. కట్టినవాళ్లు ఏమాలోచించారో గానీ, టికెట్ల కౌంటరు భవిష్యత్తుకు అవతల ఉంది. అక్కడ కూర్చునేది గైడు గారి భార్య.

సూటు జావకారి ఉంటే కుట్టు దొరకలేదు. లోపల ఒళ్లుంటే దొరుకుతుందని ఆయనే తొడుక్కున్నారు. గ్లౌజులు వేసుకున్నాక, తలకు మాత్రం లోటెందుకని ముచ్చటపడి హెల్మెట్టూ పెట్టుకున్నారు. అది టక్కున బిగుసుకుంది. తీయాలంటే మెడ దగ్గర గోరంత మీట నొక్కాలి. గ్లౌజుల్లో వేళ్లు ఒక్కోటీ అరటిపండంత ఉన్నాయి. బంగారు పూత అద్దంలోంచి ఆయనకు లోకం కనిపిస్తోంది గానీ, లోకానికి ఆయన కనిపించరు. ఇక భార్యే దిక్కనుకుని కౌంటరు వైపు నడిచారు.

రెండో గదిలో డైరెక్టరు గారు ఎదురయ్యారు. ముందు జడుసుకున్నారు, తర్వాత మొహం విప్పారింది.

"మరమనిషి అప్పుడే వచ్చేసిందా! సూటు కూడా తొడిగేశాడు గైడు. ఎంతైనా పనిమంతుడు."

ఇరవై ఏళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. గైడు గారికి కాదనబుద్ధి కాలేదు. పైగా ప్రదర్శన వస్తువులు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని గోడ మీద బోర్డు పెట్టింది కూడా తనే. డైరెక్టరు ఆయన్ను మూడో గదిలోకి నడిపించేసరికి, పెద్దాఫీసరు అక్కడికి రానే వచ్చారు.

"మాట్లాడుతుందా?"

"నేను గైడునండీ," అన్నారు గైడు గారు, ఇక దాచి లాభం లేదని. హెల్మెట్టులోంచి గొంతు కుండలోంచి వచ్చినట్టు వచ్చింది.

"చూశారా సార్, దాని పని దానికి తెలుసు," అన్నారు డైరెక్టరు.

"సరే. మనిషి కంటే ముందు పైకి ఎవరు వెళ్లారు?"

అడిగితే చెప్పకుండా ఉండటం గైడు గారి వల్ల కాదు.

"కుక్కండీ. తిరిగి రావడం ఎలాగని అది అడగలేదు."

పెద్దాఫీసరు పెదవి ఒక పక్కకు కదిలింది. "ఇప్పుడు పైనుంటున్నవాళ్లకి నీళ్లెలా మరి?"

"చెమట కూడా శుద్ధి చేసుకుని తాగుతారండీ. అక్కడ చుక్క వృథా పోదు. ఇక్కడే పోతోంది."

"రేపు అంగారకుడి మీద కాపురాలుంటాయా?"

"ఎందుకుండవండీ? అక్కణ్ణించి భార్యతో ఓ మాటంటే జవాబు రావడానికి ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది. మగాళ్లు వద్దన్నా వెళ్తారు."

పెద్దాఫీసరు అక్కడే పైవాళ్లకు ఫోను చేశారు. "మరమనిషి అద్భుతమండీ. మనిషైతే ఇంత బాగా చెప్పడు. గైడుని ఇవాళే తీసేస్తున్నా." హెల్మెట్టులో గైడు గారికి దుఃఖం పొంగుకొచ్చింది. తన నోటితో తన కూడు తనే పోగొట్టుకున్నారు. కళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు.

అంతలో కౌంటరు నుంచి భార్య విసవిసా వచ్చింది.

"ఏమండీ, ఈ అంగారకుడి ముక్క పొద్దున కాఫీ దగ్గర కూడా అన్నారు. జవాబు అప్పుడే ఇచ్చాను కదా?" అంటూ మెడ దగ్గర మీట నొక్కింది.

తడిసి ముద్దయిన తల ఒకటి బయటికొచ్చింది. డైరెక్టరు గారు పైకప్పు చూశారు. పెద్దాఫీసరు చేతిలోని ఫోను వంక చాలాసేపు చూశారు.

"మూసేయండమ్మా," అన్నారు చివరికి.

"ఈయన మా ఆయనండీ."

"కావచ్చు. గైడుని తీసేశామని పైకి చెప్పేశాను, ఇక మార్చలేను. మరమనిషి ఉంటుంది. మూసేయండి."

"భోజనానికైనా తీయొచ్చా?"

"తలుపులు వేసుకుని."

సాయంత్రం పెట్టెలో వచ్చిన అసలు మరమనిషిని, ఖాళీ లేదని విప్పకుండానే తిప్పి పంపారు. గైడు గారికి ఇప్పుడు ఉద్యోగ భయం లేదు. కాకపోతే జ్వరం వస్తే ఆఫీసు సెలవివ్వదు, మెకానిక్కును పంపిస్తుంది.