కృపానందం మాస్టారి నాలుగు దయ్యాలు

క్రిస్మసు వెళ్ళిన శనివారం ఉదయం, పెరట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ, వచ్చే ఏడాది నలుగురిని చంపాలని కృపానందం నిశ్చయించుకున్నాడు. వెళ్ళిపోతున్న పందొమ్మిది వందల ముప్పై అయిదో సంవత్సరంలో ఇద్దరినే చంపగలిగాడు. అందులోనూ ఒకడి చావు తేలిపోయిందని అతనికే అనిపించింది.

అతను ఏలూరులో మిషను బడి పంతులు. పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించగా మిగిలిన ఓపికతో దయ్యాల కథలు అల్లి, సొంత ఖర్చుతో అచ్చు వేయించి, రైలు స్టేషన్లలో వేరుసెనగకాయలు అమ్మేవాళ్ళ చేత అమ్మించేవాడు. ఏ పత్రిక ప్రాపకమూ లేదు, ఏ జమీందారు పోషణా లేదు. పుస్తకం మీద పేరు కరాళశర్మ. ఆ శర్మ ఎవరో అచ్చాఫీసు యజమానికీ కృపానందానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ఏమవుతుందో ఇమ్మానుయేలు అయ్యగారు క్రిస్మసుకు ముందే గుడిలో చెప్పేశారు. ఆయన ఏలూరు క్రైస్తవ సంఘానికి పాదిరి, బడి మీద అజమాయిషీ కూడా ఆయనదే. కరాళశర్మ పుస్తకం ఒకటి రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఈ చెత్త రాసినవాడు మన సంఘంలో ఉంటే సంఘంలోంచి పోతాడు, మన బళ్ళో ఉంటే బళ్ళోంచి పోతాడు" అన్నారు.

బడి పోతే జీతం పోతుంది, మిషను ఇచ్చిన పెంకుటిల్లు పోతుంది. అతని భార్య సుగుణ ఆయాసం మనిషి. ఆ ఇల్లు వదిలి ఏ తడికల పాకలోనో చలికాలం గడిపితే ఆమె దక్కదని మిషను డాక్టరమ్మ ఏనాడో చెప్పింది. అందుకే కృపానందం తన రహస్యం సుగుణకు కూడా చెప్పలేదు. ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు. అయ్యగారు ఎదురుపడి అడిగితే పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది.

చంపవలసినవాళ్ళను పళ్ళు తోమడం పూర్తయ్యేలోగానే ఎంచుకున్నాడు. మొదటిది, కొల్లేట్లో మునిగిపోయి రేవులో పడవ కోసం కేకలు వేసే ఇల్లాలు. రెండోది, భీమడోలు రైలు గేటు దగ్గర బండి చక్రాల కింద పడ్డ గేటు కాపలావాడు. మూడోది, తాడేపల్లిగూడెం ధాన్యం మిల్లులో ప్రాణం పోగొట్టుకున్న కూలీ. వాడు రంగూను పారిపోయాడని యజమాని ఊరంతా చెప్పిస్తాడు. నాలుగోది ఇంకా తేలలేదు. ఏడాదికి సరిపడా చావులు ఒక్క పూటలో కుదిరినందుకు కృపానందానికి ఎంతో తృప్తి కలిగింది. ఆ తృప్తి పంచుకునే మనిషి లేడే అని దిగులూ కలిగింది.

అతని రాతకు ఒక పద్ధతి ఉంది. బడిపంతులు కావడంవల్ల, పైకి చదవనిదేదీ అతని బుర్రకెక్కదు. కాగితం మీద పెట్టడానికి ముందు తలుపులు వేసుకుని, కథలో వాళ్ళందరి మాటలూ వాళ్ళ వాళ్ళ గొంతులతో పలికి చూసుకునేవాడు. సుగుణ స్త్రీల కూటానికి వెళ్ళే శనివారాలు అందుకు అనువుగా ఉండేవి. ఆ శనివారం మాత్రం కూటం మధ్యలో సుగుణకు ఆయాసం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే పాపమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని పెందలాడే ఇంటికి తీసుకొచ్చింది.

"నన్ను దాటించు నాయనా, అవతలొడ్డున పిల్లాడు పాలకేడుస్తున్నాడు" అని లోపల ఒక ఆడగొంతు ఏడ్చింది.

"నువ్వు పోయి ఏడాదయింది కదే" అని కృపానందం గొంతు బదులు చెప్పింది.

లోపల మరో ఆడది ఉందని సుగుణ కుంగిపోయింది. పాపమ్మ కిటికీ దగ్గరకు నడిపించి, అతను ఒక్కడే రెండు గొంతులతో మాట్లాడడం చూపించాక, మరో ఆడది ఉన్నా బాగుండునని ఏడ్చింది. పాపమ్మ పరుగున పోయి అయ్యగారిని పిలుచుకొచ్చింది. ఈ వివరాలు కృపానందానికి తరువాత తెలిశాయి. అప్పటికి అతను చూసిందల్లా, తలుపు తట్టిన చప్పుడుకి గడియ తీసేసరికి వాకిట్లో నిలబడి ఉన్న ఇమ్మానుయేలు అయ్యగారిని.

"లోపల ఎవరు నాయనా?" అన్నారు అయ్యగారు.

"ఎవరూ లేరండి."

"మరి మాట్లాడింది ఎవరు?"

కృపానందం నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. నేనే అంటే, ఎందుకు అంటారు. ఎందుకో చెబితే కరాళశర్మ బయటపడతాడు. అయ్యగారు అతని అవస్థ చూసి జాలిగా తల ఊపారు.

"నిన్ను పలకనివ్వడం లేదు కదూ అది" అన్నారు.

ఇల్లు నిలబెట్టుకునే దారి ఇంకొకటి కనబడలేదు. కృపానందం తల దించుకుని, "అవునండి" అన్నాడు.

"ఎందరున్నారు నీ లోపల?"

"నలుగురండి." పొద్దుటినుంచి బుర్రలో తిరుగుతున్న లెక్క అదే కాబట్టి నోటికి అదే వచ్చింది.

పాపమ్మ గుమ్మం పట్టుకుని కూలబడింది. అయ్యగారు మాత్రం బల్ల మీద స్థిమితంగా కూర్చుని, "ఒక్కొక్కరి సంగతీ చెప్పు. ఎవరు వీళ్ళు, ఎలా పోయారు, నీకెక్కడ తగులుకున్నారు" అని అడిగారు.

కృపానందం చెడిపోయింది ఇక్కడే. ఇన్నేళ్ళుగా రాస్తున్నాడు గాని, నీ కథ చెప్పు అని ఎదురుగా కూర్చుని అడిగిన మనిషి అంతవరకు లేడు. ఇప్పుడు ఒకరు కాదు, ముగ్గురు. రెండు ముక్కల్లో తేల్చవలసినవాడు, కొల్లేటి ఇల్లాలి చీరంచులోంచి నాచు కారడం దాకా వెళ్ళాడు. గేటు కాపలావాడి లాంతరు చేతిలో ఉండి, చెయ్యి మాత్రం వాడి ఒంటికి లేదన్నాడు. మిల్లు కూలీ దగ్గరకొచ్చేసరికి, పడమటి వైపు ఊకగది పక్కన మెడలోని తువ్వాలు ఇంజను బెల్టులో పడి బిగిసిందని అప్పటికప్పుడు చేర్చాడు. సుగుణ కొంగుతో నోరు కప్పుకుంది. చాలా బాగా వచ్చిందని అతను లోలోపల మురిశాడు కూడా.

"నాలుగోది?" అన్నారు అయ్యగారు.

"అది ఇంకా మాట్లాడలేదండి."

"మాట్లాడిస్తాం" అన్నారు అయ్యగారు.

దయ్యం ఎక్కడ తగులుకుందో అక్కడే దిగిపోవాలన్నది ఆయన పట్టు. కొత్త సంవత్సరం ఉపవాస కూటంతో మొదలైంది. సంఘమంతా పడవలెక్కి కొల్లేటి రేవుకు పోయి, పాటలు పాడి, ప్రార్థనలు చేసి, మొదటిదాన్ని వదిలించింది. అది వదిలేదాకా ఎవరికీ గంజి కూడా లేదని తెలిశాక, కృపానందం పెద్ద కేక పెట్టి బురదలో పడ్డాడు. ఆ మర్నాటి నుంచి ఆ రేవులో పడవెక్కే మనిషి కరువయ్యాడు. పడవ నడిపే యేసుదాసు ఏలూరు దాకా నడిచి వచ్చి, "అయ్యగారండీ, మాస్టారిని వదిలిన దయ్యం మా రేవులోనే ఉండిపోయింది కదండీ. దాన్నెవరు తీసుకెళతారండీ?" అని నెమ్మదిగా అడిగాడు. అయ్యగారికి ఆ సంగతి తట్టలేదు. భీమడోలులో రెండోది దిగాక, ధాన్యం బళ్ళవాళ్ళు రైలు గేటు మాని చుట్టుతోవన పోవడం మొదలుపెట్టారు.

బళ్ళో కృపానందం తరగతి ఖాళీ అయింది. తల్లులు వచ్చి పిల్లల్ని రెక్క పట్టుకుని పక్క తరగతిలో కూర్చోబెట్టి వెళ్ళారు. ఇంట్లో సుగుణ అన్నం వడ్డించి, కంచం అతని వైపు జరిపి, తాను గుమ్మం అవతల నిలబడేది. ఇల్లు దక్కింది గాని, ఆ ఇంట్లో అతని పక్కన కూర్చునే మనిషి లేకుండా పోయింది. అది అతనికి చెప్పలేనంత బాధగా ఉండేది. నిజం చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకునేవాడు. గుమ్మం అవతల ఆమె ఊపిరి పిల్లికూతలు వినబడేసరికి మింగేసేవాడు.

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి భీమశంకరం గారనే మిల్లు యజమాని రైలు దిగి వచ్చాడు. భూవసతి గల రైతు, పెద్దమనిషి, గట్టిగా మాట్లాడి ఎరగడు.

"మాస్టారూ, మీ మూడో దయ్యాన్ని మా ఊరు తీసుకురాకండి. ఇప్పటికే కూలీలు ఇంజను దగ్గరకు రావడం లేదండి" అన్నాడు.

"నేను ఏ మిల్లో చెప్పలేదు కదండీ."

"పడమటి వైపు ఊకగది అన్నారటండి. మా ఊళ్ళో పడమటి వైపు ఊకగది ఉన్నది నాకొక్కడికే. ఇంకే ఊరి మిల్లయినా చూసుకోండి, రానూపోనూ ఖర్చులు నేను పెట్టుకుంటాను."

కృపానందం సంతోషంగా సరేనన్నాడు. నిడదవోలు మిల్లు ఎలా ఉంటుందని కూడా అడిగాడు. అయ్యగారు మాత్రం ఒప్పుకోలేదు. చోటు మార్చమని దయ్యమే ఆ పెద్దమనిషిని పంపి ఉంటుందని ఆయన అనుమానం. ఆ వారమే సంఘమంతా రైలెక్కి తాడేపల్లిగూడెం చేరింది. సగం ఊరు మిల్లు ఆవరణలో ముందే కూర్చుని ఉంది. ఇంతమందిని చూసి కాదనలేక భీమశంకరం గారు గేటు తీయించాడు.

"ఎవరు నువ్వు?" అని అయ్యగారు గద్దించారు.

కృపానందం అలవాటైన గొంతు పెట్టి మొదలుపెట్టాడు. ఊకగది చెప్పాడు, తువ్వాలు చెప్పాడు, బెల్టు చెప్పాడు. రంగూను దగ్గరకు వచ్చేసరికి ఆడవాళ్ళలోంచి ఒకావిడ లేచి వచ్చి అతని ఎదుట చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె పేరు మణెమ్మ, ధాన్యం చెరగడానికి వచ్చే కూలి.

"మా అప్పారావాండీ?" అని అడిగింది. "ఈ మిల్లులోనే పనిచేసేవాడండి. రంగూను పోయాడని చెప్పారండి. కార్డుముక్క కూడా రాలేదండి. నన్నొదిలేసి పోయాడని రోజూ తిట్టుకుంటున్నానండి. మీలో ఉన్నది మా ఆయనేనాండీ?"

ఆ రోజుల్లో కనబడకుండా పోయిన ప్రతి మగాడూ రంగూనే వెళ్ళేవాడు. మిల్లులో చచ్చేవాడికి బెల్టు కంటే దగ్గర దారి లేదు. రెండూ కలిపి కృపానందం కుట్టాడు, అంతే. ఇన్నాళ్ళూ అతను చంపినవాళ్ళెవరికీ పెళ్ళాలు లేరు. ఇప్పుడు అవునంటే, ఎక్కడో బతికున్న ఒక మనిషిని ఈమె కళ్ళముందు చంపినట్టవుతుంది. కాదంటే బడి పోతుంది, ఇల్లు పోతుంది. గోడకు జారగిలబడి ఊపిరి అందక అవస్థపడుతున్న సుగుణ వైపు చూశాడు. చూసి, కళ్ళు మూసుకున్నాడు.

"కాదమ్మా" అన్నాడు తన సొంత గొంతుతో. "నాలో ఎవరూ లేరు. దయ్యాల పుస్తకాలు రాసే కరాళశర్మను నేనే. ఈ ఏడాది రాద్దామనుకున్న కథలివి. అన్నీ నేను కల్పించినవే. మీ ఆయన రంగూనులో బతికే ఉండవచ్చు."

అయ్యగారి ముఖం ఎర్రబడింది. ఇక అంతా అయిపోయిందని కృపానందం అనుకుంటూండగా, వెనకాల ఎవరో కూలబడిన చప్పుడయింది. భీమశంకరం గారు ఊకగది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన తువ్వాలు అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఆ తరువాత ఎవరేమన్నారో వినలేదు.

"ఎర్ర తువ్వాలండి" అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఇంజను ఆపేసరికే అయిపోయిందండి. పోలీసులు వస్తే మిల్లు మూతపడుతుందని, ఊకదిబ్బ వెనకాల పూడ్పించానండి. రంగూను అని చెప్పించింది నేనేనండి."

మణెమ్మ మొదట ఏడవలేదు.

"అయితే నన్నొదిలి వెళ్ళలేదన్నమాట" అంది. ఆ తరువాత నేల మీద కూర్చుని, తిట్టినందుకు క్షమించమని మొగుణ్ణి అడుగుతూ ఏడ్చింది. కృపానందానికీ కన్నీళ్ళు ఆగలేదు.

అయ్యగారు చెయ్యెత్తారు. "సహోదరులారా, చూశారా? చచ్చినవాడు నిజం చెబుతుంటే, మధ్యలో వాడి నోరు నొక్కి, అంతా కల్పన అని అబద్ధమాడింది ఒకటి. ఇన్నాళ్ళూ మాట్లాడని నాలుగోది అదే."

"కాదండి అయ్యగారూ, నేనేనండి. నిజంగా నేనే కరాళశర్మనండి" అన్నాడు కృపానందం.

"పేరు కూడా చెప్పేసింది" అన్నారు అయ్యగారు తృప్తిగా.

"శర్మ అంటోంది కదండీ" అంది పాపమ్మ వణుకుతూ. "బ్రహ్మరాక్షసై ఉంటుందండి."

పోలీసులు వచ్చి భీమశంకరం గారిని తీసుకువెళ్ళారు. అప్పారావును పైకి తీసి, సంఘమంతా వెంట నడిచి, సమాధుల దొడ్లో మళ్ళీ పాతిపెట్టారు. తిరుగు రైల్లో కృపానందం సుగుణ పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, మొదటి పుస్తకం దగ్గర్నుంచి సమస్తం చెప్పాడు. ఆమె ఓపికగా అంతా విని, "అలాగేనండి" అని, బెంచీ మీద కొంచెం అవతలికి జరిగింది.

దయ్యం పట్టినవాణ్ణి వీధిపాలు చెయ్యడం తగదని మిషను తీర్మానించింది. జీతం ఆగలేదు, ఇల్లు పోలేదు, సుగుణ ఆ చలికాలం గట్టెక్కింది. పిల్లల్ని మాత్రం అతనికి అప్పగించలేదు, బడిగంట కొట్టే పని ఇచ్చారు. సాయంత్రాలు కొత్త చావు ఒకటి అల్లబోతే, అది ఏ ఊళ్ళో ఎవరికి జరిగి ఉంటుందో, ఎవరు గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నారో అని కృపానందానికి భయం వేసేది. నోరు విప్పకుండానే తలుపులు తీసేసేవాడు.

సంవత్సరాంతపు కృతజ్ఞతా కూటంలో ఇమ్మానుయేలు అయ్యగారు, ఆ ఏడాది కరాళశర్మ పుస్తకం ఒక్కటి కూడా రానందుకు దేవుణ్ణి ప్రత్యేకంగా స్తుతించారు.