ఒక పెన్‌డ్రైవ్, నాలుగు ప్రారంభోత్సవాలు

ప్రభుత్వ కార్యాలయాల్లోని పదివేల కంప్యూటర్లూ పరాయి సాఫ్ట్‌వేర్ సంకెళ్ళు తెంచుకున్నాయనీ, ఇకపై అన్నిట్లోనూ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమే నడుస్తుందనీ మంత్రిగారు ప్రకటించారు. ఆ సిస్టమ్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ ఆపరేటరమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉంది.

ఇందులో ఐటీ శాఖ డైరెక్టరుగారి తప్పేమీ లేదు. డ్రైవ్ పెట్టగానే తెర మీద రెండు దారులు కనబడ్డాయి: 'ఇన్‌స్టాల్ చెయ్యి', 'ఊరికే వాడి చూడు'.

"ఇన్‌స్టాల్ చేస్తే?" అని ఆపరేటరమ్మని అడిగారాయన.

"డిస్కులో పాత ఫైళ్ళన్నీ పోతాయి సార్. ముందే కాపీ తీసుకోవాలి. అందుకు తమరు సంతకం పెట్టాలి."

"ఊరికే వాడి చూస్తే?"

"పాతవేవీ పోవు. కాకపోతే మనం కొత్తగా చేసిందీ మిగలదు. డ్రైవ్ తీసేస్తే అంతా మాయం."

"సంతకం?"

"అక్కర్లేదు సార్."

ఇంత బుద్ధిగల సాఫ్ట్‌వేర్ ప్రభుత్వం కోసమే పుట్టిందని డైరెక్టరుగారు మురిసిపోయారు.

మొదటి ఆఫీసులో రిబ్బన్ కత్తిరించి మంత్రిగారు కుర్చీలో కూర్చున్నారు. తానూ ఒక కమాండ్ కొడతానన్నారు. 'నేనెవరు' అని అడిగే కమాండ్ చాలా తేలికని ఆపరేటరమ్మ చూపించింది. ఆయన కొట్టారు. 'గెస్ట్' అని జవాబొచ్చింది.

మంత్రిగారు మొహం గంటు పెట్టుకున్నారు. "వట్టి గెస్టేమిటయ్యా? నేను చీఫ్ గెస్టుని కదా."

"తర్వాతి ఆఫీసులో సరిచేయిస్తాను సార్," అన్నారు డైరెక్టరుగారు.

"ఈ అమ్మాయెవరు?"

"టెంపరరీ ఆపరేటరండి. పదకొండేళ్ళుగా."

"పదకొండేళ్ళా? అన్యాయం కదయ్యా. కొత్త సిస్టమ్‌లో మొదటి ఆర్డరు ఈమెదే. టైప్ చెయ్యమ్మా, పర్మనెంట్ చేస్తున్నాను."

ఆపరేటరమ్మ కళ్ళు చెమర్చాయి. తన ఆర్డరు తానే టైప్ చేసుకుంది. మంత్రిగారు ఎంటర్ నొక్కారు. చప్పట్లు మోగాయి.

"సార్, ఒక్క ప్రింటు..."

"పేపర్‌లెస్ కదమ్మా," అని మంత్రిగారు నవ్వుతూ కారెక్కారు.

డైరెక్టరుగారు ఆమె చెవి దగ్గర వంగారు. "డ్రైవ్ తీసుకుని ఆటోలో అడ్డదారిన పో. కారు కంటే ముందుండాలి."

"నా ఆర్డరు కాపీ చేసుకుంటాను సార్. రెండే నిమిషాలు."

"అక్కడ ఆయన ఖాళీ తెర చూశారంటే నీ టెంపరరీ కూడా ఊడుతుంది."

ఆమె గుండె రాయి చేసుకుని డ్రైవ్ లాగింది. తెర నల్లబడింది.

రెండో ఆఫీసులో కంప్యూటర్ మంత్రిగారిని 'చీఫ్ గెస్ట్' అంది. ఆయన పొంగిపోయి పక్కకి చూశారు. "ఈ అమ్మాయెవరు?"

"టెంపరరీ ఆపరేటరండి. పదకొండేళ్ళుగా."

"అన్యాయం కదయ్యా. మొదటి ఆర్డరు ఈమెదే."

మూడో ఆఫీసులోనూ అంతే. నాలుగో చోట ఆయన అడగకముందే ఆమె టైప్ చేసి ఉంచింది.

ఇంటికి వచ్చేసరికి వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "టీవీలో చూశానే. పర్మనెంట్ చేశారటగా?"

"నాలుగుసార్లు చేశారమ్మా."

"మరి ఆర్డరేదీ?"

ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

మర్నాడు టెంపరరీల హాజరు పుస్తకంలో ఆమె పేరుకెదురుగా, నిన్నటి గడిలో, ఎర్ర సిరాతో 'గైర్హాజరు' అని ఉంది. కింద డైరెక్టరుగారి సంతకం ఉంది.