ఉచిత టికెట్టు ధర పెరిగింది

బొబ్బిలి పురప్రముఖులు, విశ్రాంత డ్రిల్లు మాస్టారు సీమోను గారు ఒక్కసారైనా విమానం ఎక్కకుండానే విమాన సంస్థవారి ప్లాటినం సభ్యులైన శుభసందర్భంగా, ఆదివారం ఆరాధన అనంతరం బాప్టిస్టు చర్చి ఆవరణలో వారికి ఘన సన్మానం జరిగింది.

ఈ ఘనత ఊరికే రాలేదు. మాస్టారి భార్య ఎలీసమ్మకు గ్లోరీ అని ఒక్కతే అక్క (ఆ ఊరి మాటలో అప్ప), ఢిల్లీలో ఉంటుంది. రెండేళ్ల క్రితం ఆవిడ మంచం పట్టి, చెల్లెల్ని చూడాలని కబురు పెట్టింది. మోకాళ్ల నొప్పుల ఎలీసమ్మ రైల్లో అంత దూరం కూర్చోలేదు. విమానంలో పంపుతాను, అదీ పైసా ఖర్చు లేకుండా పంపుతాను అని మాస్టారు మాటిచ్చారు. బ్యాంకువారి కార్డు గీకితే పాయింట్లు, ఎనిమిది వేల పాయింట్లకు ఢిల్లీ టికెట్టు. ఈ ఆలోచన తట్టిన మహానుభావుడి కడుపు చల్లగా ఉండాలి.

ఎనిమిది వేలు పోగయ్యేసరికి టికెట్టు పన్నెండు వేలైంది. "సభ్యుల సౌకర్యార్థం పట్టికను మెరుగుపరచడమైనది" అని సంస్థవారు తెలిపారు. మెరుగుపడితే ఎవరికి చేదు? పన్నెండు వేలు చేరేసరికి ఇరవై అయింది. ఇరవై చేరాక అసలు పట్టికే ఎత్తేశారు. ఇకపై చేపల బజారులోలాగా ఏ రోజు ధర ఆ రోజే చెబుతామన్నారు.

మాస్టారు తగ్గలేదు. ఊరందరి దగ్గరా నగదు పుచ్చుకుని వాళ్ల ఎరువుల బస్తాలకూ పెళ్లి సామానుకూ తన కార్డే గీకారు. పక్కవీధిలో ఎవరో పోతే పరామర్శకు వెళ్లి, సమాధి పెట్టెకు అడ్వాన్సు ఇచ్చేశారా అని ఆరా తీశారు. కోతల పండుగనాడు కానుకల వేలంలో కార్డు మీదే గుమ్మడికాయ పాడారు. ఎవరూ పోటీ రాకపోయినా, తన పాట మీద తానే పెంచుకుంటూ పోయారు. పాస్టరు శాంతికుమార్ గారు మూడోసారి అనకుండా ఓపికపట్టి, దేవుణ్ణి స్తుతించారు.

"ఏటయ్యా, ఆ కాయ డబ్బుల్తో టిక్కెట్టొచ్చీది కాదా?" అంది ఎలీసమ్మ.

"ఒసే, డబ్బులెట్టి ఎవుడైనా ఎక్కుతాడే. ఊరకే ఎక్కడంలోనే ఉన్నాది గొప్ప."

"అప్ప మంచం మీదున్నాదయ్యా. నీ పాయింట్లొచ్చీదాకా ఉంటాదేటి?"

మాస్టారు ఫోనులో ఆనాటి ధర చూసుకుంటున్నారు.

చివరికి పాయింట్లు లక్ష దాటాయి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఉచిత సీట్లు మాత్రం లేవు. సంస్థవారు నొచ్చుకుని ప్లాటినం హోదా ప్రసాదించారు. ఎప్పుడైనా విమానం ఎక్కితే అందరికంటే ముందు ఎక్కవచ్చునట.

ఎలీసమ్మ తన రెండు మేకలూ అమ్మి టికెట్టు కొనుక్కుని, శనివారం బస్సెక్కి విశాఖ వెళ్లిపోయింది.

"ఇమానం ఎక్కినోళ్లు బోల్డుమంది. ఎక్కకుండా అంత ఎత్తుకెల్లినోడు మన మేస్టారొక్కడే!" అని పాస్టరు గారు శాలువా కప్పుతుండగా మాస్టారి ఫోను మోగింది.

"అప్ప నన్ను గుర్తుపట్టినాదయ్యా. నా సెయ్యి అట్టుకుని ఒగ్గడం నేదు" అంది ఎలీసమ్మ.

మాస్టారికి ఇన్నాళ్లూ ఆ ప్రయాణం తనవల్లే ఆగిందని మొదటిసారి సిగ్గేసింది. భార్య సొంత డబ్బుతో టికెట్టు కొని ఢిల్లీ చేరిందని మైకులో ఒప్పేసుకున్నారు.

సభలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. "డబ్బులెట్టి ఎక్కీసినాదట, పాపం" అని గొణుక్కున్నారు. పాస్టరు గారు ఆమె కోసం ప్రత్యేక ప్రార్థన చేయించారు. ఆమెన్ అనగానే అందరూ మాస్టారి చుట్టూ మూగి, ఆ కార్డు ఏ బ్యాంకులో ఇస్తారని అడిగారు. డబ్బు పెట్టి ఎక్కిందని ఎలీసమ్మ మీద మీకూ కాస్త జాలి కలిగి ఉంటే మొహమాటపడకండి, మీ జేబులోనూ ఆ కార్డు ఉండే ఉంటుంది.