యలమంద మూడు లీటర్ల గీజరు

కోటేశ్వరి పత్తికట్టెను మోకాలికి ఆనించి ఫట్‌మని విరిచి పొయ్యిలోకి తోసింది. పైన కాగు నిండా నీళ్లు. అత్త గురవమ్మ స్నానం అయిపోయింది. కూతురు మాధురి తడిజుట్టుతోనే కాలేజీ బస్సుకి పరిగెత్తింది. ఇక మిగిలింది ఇంటి యజమాని. ఆయన ఎనిమిదింటికి అరుగు మీద కూర్చుని, వేపపుల్ల నములుతూ, పెళ్లాం కష్టాలు ఎలా తీర్చాలా అని ఆలోచిస్తున్నాడు.

"ఇన్‌స్టంట్ గీజరే పెట్టిద్దాం కోటీ," అన్నాడు యలమంద. "మీట నొక్కితే వేడినీళ్లు. ట్యాంకు గీజరైతే కాగేదాకా కూర్చోవాలి."

"ఇప్పుడు కూర్చునే ఉన్నావుగా. ఇబ్బందేముంది?"

కొత్త బాత్రూముకి గీజరు బిగించడానికి ఒప్పుకున్న ఎలక్ట్రీషియన్ బుడే ఇద్దరికీ మర్యాదగానే చెప్పాడు. "రెండూ మంచివే బావా. ట్యాంకుదాంట్లో పాతిక లీటర్లు కాగి సిద్ధంగా ఉంటాయి. చిన్నదాంట్లో పట్టేది మూడు లీటర్లే. నీళ్లు వెంటనే వస్తాయి గానీ సన్నగా వస్తాయి. ఈ చలికి బకెట్ నిండాలంటే ఓపిక ఉండాలి."

"మూడు లీటర్లు నా జడకే చాలవు," అంది కోటేశ్వరి.

యలమంద భయం కూడా ఆ జడే. పాతిక లీటర్లలో తల్లి, పెళ్లాం, కూతురు తలంట్లు పోసుకునేసరికి, ఆఖర్న లేచే తనకి మిగిలేది ఉత్త ట్యాంకే. ఆ మాట బయటికి అనలేక కరెంటు ఆదా గురించి వారం రోజులు ఉపన్యసించాడు.

చివరికి పందెం వేశాడు. "చిన్నది తాత్కాలికంగా బిగించి చూద్దాం. ఆదివారం పొద్దున నీళ్లు పొగలు కక్కితే అదే ఉంచాలి. లేదంటే నీ ఇష్టం."

"సరే," అంది కోటేశ్వరి. అంత తేలిగ్గా ఆవిడ ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది. యలమందకి అంతదూరం ఆలోచించే అలవాటు లేదు.

శనివారం బుడే వచ్చి గీజరు బిగించాడు. ఇంటి మీది ట్యాంకు పైపు ఇంకా కలపలేదు కాబట్టి బాత్రూము స్లాబు మీద చిన్న ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, దాన్నుంచి గొట్టం లాగాడు. ఆ డ్రమ్ము చూడగానే యలమంద బుర్రలో దీపం వెలిగింది. తెల్లారేలోపు కాగులో నీళ్లు మరిగించి డ్రమ్ములో పోస్తే సరి! గీజరు చేయాల్సిన పని తనే చేసేస్తాడు.

సాయంత్రం మెల్లిగా అడిగాడు. "కోటీ, అగ్గిపెట్టె ఎక్కడుంటది?"

"పెళ్లయిన పద్దెనిమిదేళ్లకి అడిగావు. దేనికి?"

"ఊరికే. మగాడన్నాక ఇంట్లో ఏదెక్కడుందో తెలియాలిగా."

ఆదివారం ఐదింటికే లేచాడు. పొయ్యి దగ్గరికి వెళ్లాక తెలిసింది, కట్టెలు ఎక్కడుంటాయో అడగలేదని. గోడవార ఎండుకట్టె కుప్ప కనిపిస్తే రెండు చేతులా ఎత్తుకొచ్చి ముట్టించాడు. అది పత్తికట్టె కాదు. తెగులొచ్చిందని పీకి పారేసిన మిరప మోళ్లు. వాటికి తాలుకాయలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

ముందు ముక్కు మండింది. తరవాత కళ్లు. ఆ తరవాత యలమందకి తన ఒంట్లో ఉన్నాయని తెలియని చోట్లు కూడా మండాయి. నోట్లో తువ్వాలు కుక్కుకుని, కళ్లు మూసుకుని, నిచ్చెన మీద తడుముకుంటూ రెండు బకెట్ల నీళ్లు డ్రమ్ములోకి చేర్చాడు.

గోడవతల నుంచి రసూల్‌బీ దగ్గుతూ అరిచింది. "ఎవరయ్యా పొద్దున్నే మిరపకాయలు కాలుస్తోంది?"

మాధురి తుమ్ముతూ వాకిట్లోకి వచ్చింది. గురవమ్మ దగ్గుతూనే సంతోషపడింది. "ఎవరో దిష్టి తీస్తున్నార్రా. ఇంత ఘాటొస్తోందంటే మనింటి మీద దిష్టి అసలు లేనట్టే!"

కోటేశ్వరి మొగుడి ముఖాన మసి చూసి, మజ్జిగ చిలకడానికి లోపలికి వెళ్లింది.

ఆరున్నరకి బుడే ఆటోలో వచ్చాడు. అందరూ బాత్రూము ముందు చేరారు. యలమంద మీట నొక్కి కొళాయి తిప్పాడు. నీళ్లు పొగలు కక్కుతూ బకెట్లో పడ్డాయి.

"చూశారా! మీట నొక్కగానే!" అన్నాడు ఎర్రటి కళ్లతో.

"బుడే, దానిమీద ఎర్రలైటు వెలగదా?" అంది కోటేశ్వరి.

"కరెంటుంటే వెలుగుద్దక్కా. తెల్లారుజామునే ఊరంతా పోయిందిగా. ఇంకా రాలేదు."

యలమంద కొళాయి కట్టేశాడు. కట్టేసినా అది ఇంకాసేపు వేడినీళ్లు కార్చి మరీ సాక్ష్యం చెప్పింది. మాధురి గోడ పట్టుకుని నవ్వింది. గురవమ్మ మాత్రం, "కరెంటు లేకుండానే ఇంత బాగా కాచిందంటే మంచి మిషనేరా," అంది.

"మరి ఆటోలో ఉన్న పెద్ద గీజరు దింపనా అక్కా?" అన్నాడు బుడే.

"దాన్నెవరు తెమ్మన్నారు?" అన్నాడు యలమంద.

"అక్కే. రాత్రి ఫోన్ చేసింది. బావ అగ్గిపెట్టె అడిగాడు, పెద్దది తెచ్చేయ్ అంది."

యలమంద అరుగు మీద కూలబడ్డాడు. కోటేశ్వరి మజ్జిగలో పైట చెంగు ముంచి అతని ముఖం, చేతులు తుడిచింది. మంట తగ్గింది. తుడుస్తున్న ఆమె చేతి నిండా పాత కాలిన మచ్చలు. ఇన్నేళ్లుగా వేడినీళ్లు నెత్తిన పోసుకున్న ప్రతిసారీ అతను "అబ్బా" అన్నాడే గానీ, ఆ నీళ్లు ఎక్కడ్నుంచి వచ్చాయని ఒక్కసారీ చూడలేదు.

"రోజూ ఈ పొగలో ఎలా కూర్చుంటున్నావే?" అన్నాడు.

"నేను మిరప మోళ్లు పెట్టనుగా," అంది కోటేశ్వరి నవ్వుతూ. "పత్తికట్టె గొడ్లసావిట్లో ఉంటది. ఉంటదేముంది, నిన్నటితో అయిపోయింది. కరెంటు ఎప్పుడొస్తదో ఏమో, ఇంకా అమ్మాయికి తలంటు పోయాలి."

యలమంద కాసేపు ఆమె చేతుల వంక చూశాడు. తరవాత లేచి, దండెం మీది తాడు భుజాన వేసుకుని, పత్తిచేను వైపు నడిచాడు.