మా కుక్క దూడైన వైనం

హెల్ప్‌లైన్‌ని తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మనిషి కనిపెట్టిన వాటిలో చక్రం మొదటిదైతే, "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే రికార్డు గొంతు రెండోది. ఓపిగ్గా వినేవాళ్ళు దొరికితే అదే మొదటిదని కూడా వాదిస్తాను!

మీరే చెప్పండి. మీ ఇంట్లో మీ మాట పూర్తిగా వినే ప్రాణి ఉందా? నేను నోరు తెరవగానే మా ఆవిడ మిక్సీ వేస్తుంది. అదే హెల్ప్‌లైన్ అయితే "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట నాతో ఇంకెవరూ అనలేదు. పైగా సంగీతం ఉచితం!

అందుకే మొన్న మా కుక్క గేదెల దాణా తిని ప్రాణం మీదకు తెచ్చుకున్నప్పుడు నేను కంగారు పడలేదు. అంటే, పడ్డాను. కానీ హెల్ప్‌లైన్ మీద పూర్తి నమ్మకంతో పడ్డాను.

ముందు మా సంసారం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో రెండు గేదెలు, ఒక దూడ. వాటి పని అంతా మా ఆవిడది. నాది పర్యవేక్షణ, అంటే కిటికీలోంచి చూడటం. మా కుక్కదీ ఇంచుమించు ఇదే ఉద్యోగం, కాకపోతే అది షెడ్డు దాకా నడిచి వెళ్తుంది. లోపలికొచ్చే ప్రతి బస్తానీ, ప్రతి బకెట్‌నీ వాసన చూడందే వదలదు కాబట్టి దాన్ని ఇన్‌స్పెక్టర్ అని పిలుస్తాం. కళ్ళు కూడా తెరవని కూనగా ఉన్నప్పుడు మా ఆవిడే దాన్ని రోడ్డు పక్క నుంచి చీర కొంగులో ఎత్తుకొచ్చింది. ఆమె పాలు పితుకుతున్నంతసేపూ అది పక్కనే కూర్చుంటుంది.

ఆ రోజు పొద్దున కొత్త దాణా బస్తా వచ్చింది. బెల్లం వాసన గుప్పుమనే గుళికల దాణా. మా ఆవిడ బస్తా మూతి విప్పింది. డ్రమ్ములో పోసేలోపు వీధిలోంచి ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ తల బస్తాలో ఉంది, తోక బయట ఉంది.

ఇన్‌స్పెక్టర్ అన్నాక తినడా, అంటారేమో! తింటాడు, కాదనను. కానీ దేనికైనా ఒక హద్దుండాలి కదా? మాది పీకల దాకా తిని, ఆపైన గేదెల తొట్టికి వెళ్ళి కడుపారా నీళ్ళు తాగింది. ఎండు దాణా మీద నీళ్ళు పోస్తే ఎంత ఉబ్బుతుందో బకెట్‌లో నానబెట్టే ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ బకెట్‌కు బదులు మా కుక్క పొట్ట ఉంది.

మధ్యాహ్నానికి ఆ పొట్ట బిగదీసుకుపోయింది. కక్కబోతుంది, ఏమీ రాదు. పడుకోబోతుంది, పడుకోలేక లేస్తుంది. నోట్లోంచి చొంగ తీగలా సాగుతోంది. మా ఆవిడ నేల మీద కూలబడి దాని తల ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఏదో ఒకటి చెయ్యండి. ఇది పోయేలా ఉంది," అంది.

ఆమె నన్ను సాయం అడిగి చాలాకాలమైంది. నాకు నిజంగానే భయం వేసింది. ఫోన్ తీశాను.

మొదట కుక్కల క్లినిక్. అద్దాల తలుపులు, ఏసీ, గోడ మీద నవ్వుతున్న కుక్కల ఫొటోలు ఉండే చోటు. "అపాయింట్‌మెంట్ ఉందా సార్?" అంది రిసెప్షన్ అమ్మాయి. ఎమర్జెన్సీ అన్నాను. "ఎమర్జెన్సీకి గురువారం ఖాళీ ఉంది సార్," అంది. ఎంత క్రమశిక్షణ! మా కుక్కకే అది లేదు, గురువారం దాకా ఆగి తినాల్సింది. ఇంతకీ ఏం తిందని అడిగితే చెప్పాను. "అయ్యో, పశువుల దాణానా? మా డాక్టర్‌గారికి దాణా సంగతి తెలీదు సార్. పశువుల వాళ్ళనడగండి," అని పెట్టేసింది.

అడగక ఏం చేస్తాను? పశువుల హెల్ప్‌లైన్‌కు కొట్టాను. ఆవులకు ఒకటి, గేదెలకు రెండు, మేకలకూ గొర్రెలకూ మూడు, కోళ్ళకు నాలుగు. కుక్క కోసం చివరిదాకా విన్నాను. మళ్ళీ వినడానికి తొమ్మిది నొక్కమంటే నొక్కి మళ్ళీ విన్నాను. ఆ గొంతులో ఎంత ఓర్పు! రెండోసారీ విసుక్కోకుండా అదే చెప్పింది. ఆఖరికి రెండు నొక్కితే ఒక నిజమైన అమ్మాయి పలికింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"సార్, ఇది పాడిపశువుల హెల్ప్‌లైన్. కుక్కలు మా పరిధిలోకి రావు."

"తిన్నది పాడిపశువుల దాణాయే కదమ్మా!"

"దాణా వస్తుంది సార్. కుక్క రాదు."

"అయితే లోపలున్న దాణాను చూడటానికి రండి తల్లీ. దాని చుట్టూ ఉన్న కుక్కను పట్టించుకోవద్దు."

సంగీతం మొదలైంది. బాగుందనే చెప్పాలి.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. చూడండి, ఆమె అబద్ధమాడే మనిషి కాదు. పాలల్లో చుక్క నీళ్ళు కలపదు. పక్కింటావిడ కొత్త చీర బాగుందా అని అడిగితే బాగాలేదని చెప్పి ఆవిడతో మాటలు పోగొట్టుకున్న చరిత్ర ఆమెది. అలాంటి మనిషి మళ్ళీ ఫోన్ చేసి, రెండు నొక్కి, గొంతు సవరించుకుని, "మా దూడ దాణా ఎక్కువ తినేసిందమ్మా, పొట్ట ఉబ్బింది," అంది.

ఆహా, అప్పుడు చూడాలి హెల్ప్‌లైన్ మహిమ! ఎంత ఆదరం! ఎప్పుడు తింది, ఎంత తింది, నెమరు వేస్తోందా? "లేదమ్మా, అసలు వెయ్యట్లేదు," అంది మా ఆవిడ. అది మాత్రం నిజమే. చెవికున్న ట్యాగ్ నంబర్ చెప్పమన్నారు. "వెళ్ళి చూసి రండి," అని నన్ను తరిమింది. జీవితంలో మొదటిసారి నేను షెడ్డులోకి వెళ్ళి దూడ చెవి పట్టుకున్నాను. అది చెవి విదిలించి నా చొక్కా నాకింది. ఎలాగో నంబర్ చదివి అరిచాను. కంప్యూటర్‌లో ఇన్‌స్పెక్టర్ దూడైపోయింది.

వ్యాన్ వచ్చింది! అక్షరాలా వచ్చింది. పేడ అంటిన రబ్బరు బూట్లతో ఒక డాక్టరమ్మ దిగింది, వెనకే మందుల పెట్టెతో డ్రైవర్.

"దూడేదండీ?"

మా ఆవిడ ఒళ్ళోకి చూపించింది. డాక్టరమ్మ కుక్కను చూసింది. నన్ను చూసింది. నేను ఆకాశం చూశాను.

"మేడం, కుక్కలు మన లిస్టులో లేవు," అన్నాడు డ్రైవర్.

"అమ్మా, ముందు చూడు. తర్వాత ఎంతైనా తిట్టు, పడతాను," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కుక్క చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, దాణా బస్తా తెమ్మంది. పశువులకు మంచి చేసే మందొకటి కొన్ని దాణాల్లో కలుపుతారట, అది కుక్కలకు విషమట. బస్తా మీద సన్న అక్షరాలు చివరిదాకా చదివి, "ఇందులో ఆ మందు లేదు. అదృష్టవంతురాలివి," అంది. మాతో కాదు, కుక్కతో. తర్వాత నోట్లోంచి ట్యూబ్ దించింది. "కుక్కల ట్యూబ్ నాకివ్వలేదు. ఇది మేకలకు వేసేది," అంటూనే దించింది. బుస్సుమని గాలి వచ్చింది. ఆ వాసన నేను వర్ణించను, మీరు ఏదైనా తింటూ చదువుతున్నారేమో. పొట్ట మెత్తబడింది. సెలైన్ సీసాను గేదె పలుపు కట్టే కొక్కేనికి తగిలించారు. ఇన్‌స్పెక్టర్ పెద్దగా నిట్టూర్చి మా ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయింది. మా ఆవిడ అప్పుడు ఏడ్చింది.

"ఏమని రాయమంటారు మేడం?" అన్నాడు డ్రైవర్.

"దూడ, పొట్ట ఉబ్బరం, నయమైంది," అంది డాక్టరమ్మ బూట్లు కడుక్కుంటూ.

మర్నాడు హెల్ప్‌లైన్ అమ్మాయే ఫోన్ చేసింది. చూశారా, బాధ్యత అంటే అదీ!

"మీ దూడ ఎలా ఉంది సార్?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా. పొద్దున్నే గ్యాస్ బండ తెచ్చినాయన్ని చూసి మొరిగింది."

"మొరిగిందా సార్?"

"అరిచిందమ్మా."

మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగింది. ఉన్నవన్నీ ఇచ్చాను. ఎందుకివ్వను? కుక్క అని నిజం చెప్పినంతసేపూ మాకు పాట వినిపించారు. దూడ అని అబద్ధం చెప్పగానే డాక్టర్‌ని పంపారు. ప్రజలకు బతకడం నేర్పే వ్యవస్థ ఇంతకన్నా ఇంకేముంటుంది?

ఆ మధ్య మా అక్కయ్యకు నొప్పి వచ్చినప్పుడు నాకీ తెలివి లేదు. మనుషుల ఆసుపత్రికి ఫోన్ చేశాను. గుండెకు ఒకటి, పొట్టకు రెండు. అక్కయ్య నొప్పి ఆ రెంటికీ మధ్యలో ఉంది. ఆమెను ఆటోలో తీసుకెళ్తే, ముందు ఏ విభాగమో తేల్చుకుని రమ్మన్నారు. ఆమె బెంచీ మీద కూర్చుని, చెమటలు కక్కుతూ, రొమ్ము కింద చెయ్యి పెట్టుకుని, "నేనే సరిగ్గా చెప్పలేకపోతున్నానేమో కదరా తమ్ముడూ?" అని అడిగింది. అటుగా పోతున్న ఒక నర్సు ఆమె ముఖం చూసి, ఏ విభాగమో అడక్కుండా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాబట్టి అక్కయ్య ఇవాళ ఉంది.

అందుకని మా ఆవిడకు ముందే చెప్పి పెట్టాను. "రేపు నాకేదైనా అయితే ఫోన్ చేసి మనిషి అని మాత్రం అనకు. గేదె అని చెప్పు. వ్యాన్ వస్తుంది. వచ్చాక నన్ను చూసి మాత్రం వెనక్కి పోతారా?"

మా ఆవిడ మిక్సీ ఆపి మరీ ఆలోచించింది.

"పాడి గేదా, ఒట్టిపోయిన గేదా అని అడుగుతారు," అంది. "మీ విషయంలో నిజం చెబితే వ్యాన్ రాదు."