నలభై రెండు పళ్ళు

ఆ ఆదివారం భానుమూర్తి పెట్టుకున్న కార్యక్రమం చిన్నది. పదింటికల్లా బండికి కొత్త చైన్ వేయించుకోవాలి, దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి నాలుగు కట్టల గోంగూర తేవాలి, భోజనం చేసి పడుకోవాలి. వారంలో ఆరు రోజులు కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు ఫిజిక్స్ చెప్పి గొంతు పోగొట్టుకునే మనిషికి అంతకంటే పెద్ద కోరికలు ఉండవు. తెనాలి వదిలి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. కొత్తపేట దాటాక ఎల్‌బీ నగర్ వైపు వెళ్ళే ఒక లోపలి వీధిలో, తానుండే అపార్టుమెంటులో అందరూ ఆయన్ని పేరు పెట్టి కాదు, 'సార్' అనే పిలుస్తారు.

ఆ అపార్టుమెంటు గేటు పక్కనే, ప్రహరీ గోడను ఆనుకుని నీలం టార్పాలిన్ కింద సిద్దిరాములు బండ్లు బాగుచేస్తాడు. మీర్‌పేట్ నుంచి పొద్దున్నే వస్తాడు. పదకొండేళ్ళుగా అదే చోటు. ఆయన భానుమూర్తి బండిని స్టాండు వేసి, వెనక చక్రం రెండుసార్లు తిప్పి, చైన్‌ను వేలితో వెనక్కి లాగి చూశాడు.

"చైన్ ఒక్కటేస్తే పనిగాదు సార్. సెట్టు మొత్తం మార్చాలె. ముందల చిన్న స్ప్రాకెట్టు, ఎనక పెద్దది, రెండూ అరిగినయ్."

"అరిగాయా? ఎక్కడయ్యా?" భానుమూర్తి కళ్ళజోడు సర్దుకుని వంగి, వెనక పళ్ళ చక్రం మీద ఒక్కొక్క పన్నూ ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. "నలభై రెండు. షోరూమ్‌లో కొన్ననాడూ నలభై రెండే. ఒక్కటి కూడా ఊడలేదు."

"పండ్లు యాడికి పోతయ్ సార్? ఉంటయ్. జర సక్కగ చూడుండ్రి. కొత్తల పన్ను రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉంటది. గివి చూడుండ్రి, ఒక దిక్కు గుంజుకపోయి కొక్కెం లెక్క అయినయ్. పాత చైన్ సాగింది, పండ్లు గూడ దానితోటే అరిగినయ్, ఎట్లనో ఒకదానికొకటి కుదిరినయ్. కొత్త చైన్ గీ పండ్ల మీద కూసోదు. ఎగురుతది."

"పళ్ళ చక్రాల లెక్కలు ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద చెబుతున్నాను. నాకు చెబుతావా నువ్వు?"

"బోర్డు మీద అరగవు గద సార్," అన్నాడు సిద్దిరాములు.

ఆయన వెటకారానికి అనలేదు. కానీ పక్కన పంక్చరు వేయించుకోవడానికి నిలబడ్డ వినయ్ కిసుక్కున నవ్వాడు. వినయ్ పైన పెంట్‌హౌస్ గదిలో కిరాయికి ఉంటూ, మూడేళ్ళుగా ఎస్సై ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాడు. భానుమూర్తి చెవులు ఎర్రబడ్డాయి.

"చైన్ ఒక్కటే వెయ్యి," అన్నాడు.

సిద్దిరాములు చైన్ వేసి, "నిమ్మలంగ నడుపుండ్రి" అన్నాడు.

గోంగూర సంగతి భానుమూర్తి మరిచిపోయాడు. పైకి వెళ్ళి, స్ప్రాకెట్ ఫొటోతో సహా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెద్ద వ్యాసం రాశాడు. మెకానిక్‌లు మనల్ని ఎలా భయపెడతారో వివరించి, చివర ఒక సూత్రం చెప్పాడు: 'పళ్ళు లెక్కపెట్టండి. లెక్క సరిపోతే స్ప్రాకెట్ బాగున్నట్టే.'

"ఏమండీ, ఆయన పదకొండేళ్ళుగా మన బండి చూస్తున్నాడు. ఒక్కసారన్నా మోసం చేశాడా?" అంది భార్య లలితకుమారి, అది చదివి.

"ఇన్నాళ్ళూ దొరకలేదు."

సాయంత్రానికి సెల్లార్‌లో అయిదు బండ్లు బారుతీరాయి. భానుమూర్తి లుంగీ ఎగ్గట్టి ఒక్కొక్కదాని ముందూ గొంతుక్కూర్చుని లెక్కపెట్టాడు. అన్నిటికీ పళ్ళు పూర్తిగా ఉన్నాయి. స్ప్రాకెట్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయనీ, సాగిన చైన్లు మార్చుకుంటే చాలనీ అన్నాడు. పొద్దున నవ్విన వినయ్ కూడా తన బండి చూపించుకుని, "సారీ సార్, గా మెకానిక్ మాటలు నిజమనుకున్న" అన్నాడు. భానుమూర్తికి ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది.

మర్నాడు అయిదుగురూ సిద్దిరాములు దగ్గరికి వెళ్ళి చైన్ మాత్రమే మార్చమన్నారు. మొదటి ఇద్దరికీ ఆయన పళ్ళు చూపించి చెప్పాడు. మూడో ఆయన "సార్ గ్రూపులో అంతా రాశాడులే, నీ దొంగ వేషాలు చాలించు" అన్నాడు. ఆ తరవాత సిద్దిరాములు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడిగింది అడిగినట్టు బిగించాడు.

బుధవారం ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే భానుమూర్తి బండి కింద టక్కుమంది. గేరు మార్చాడు. మళ్ళీ టక్కు. ఇంటికొచ్చి తనే చైన్ బిగించాడు. గురువారం టక్కు టక్కుటక్కు అయింది. గ్రూపులోనూ ఇద్దరు అదే చప్పుడని అడిగారు. 'కొత్త చైన్ సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది' అని రాశాడు. రాసేటప్పుడు వేళ్ళు కొంచెం ఆగాయి గానీ, రాశాడు.

శుక్రవారం పొద్దున, తనను ఎరగని చోటు కదా అని మూసారాంబాగ్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడి మెకానిక్ ఒక కొత్త స్ప్రాకెట్ తెచ్చి పాతదాని పక్కన పట్టుకున్నాడు. కొత్త దాని పళ్ళు బలంగా, సమంగా నిలబడి ఉన్నాయి. భానుమూర్తి బండివి సన్నగా అరిగి, అన్నీ ఒకే వైపుకు కొక్కేల్లా వంగి ఉన్నాయి. చిన్నపిల్లాడికైనా తెలిసేంత తేడా.

"గీటి మీద కొత్త చైన్ ఏయమని ఎవరు చెప్పిన్రు సార్? కండ్లు లేవా ఆయనకు?"

"తెలిసినాయనేలే," అన్నాడు భానుమూర్తి.

సెట్టు తెప్పిస్తానని మెకానిక్ అంటే వద్దన్నాడు. రోడ్డు పక్కన నిలబడి ఫోన్ తీశాడు. 'తప్పు నాది' అని టైపు చేసి చెరిపేశాడు. మళ్ళీ చేసి మళ్ళీ చెరిపేశాడు. చివరికి, 'వీలున్నవారు స్ప్రాకెట్లు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదేమో' అని పంపాడు. అది వినయ్ చదివేలోపే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో అతని బండి చైన్ ఎగిరి, వెనక చక్రంలో ఇరుక్కుని, చక్రం పట్టేసింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి ప్రాణం దక్కింది. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఇంకో పది రోజుల్లో అతనికి ఎస్సై ఎంపిక పరుగు పరీక్ష ఉంది.

దవాఖానలో వినయ్ కట్టు చేతిని ఛాతీ మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. భానుమూర్తిని చూడగానే లేవబోయాడు.

"మీరు చెప్పిందే నిజం సార్. గా సిద్దిరాములు డూప్లికేట్ చైన్ ఏసిండు."

"కాదు వినయ్, అసలు..."

అంతలో వినయ్ తల్లి వచ్చి భానుమూర్తి రెండు చేతులూ పట్టుకుంది. "మీరన్న మా పిల్లగాని మంచిచెడ్డ చూస్తున్నరు సార్" అని ఏడ్చింది.  భానుమూర్తి తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చి అంతా చెప్పాడు. లలితకుమారి విని, "నాకెందుకండీ చెబుతున్నారు? కిందకి దిగి చెప్పండి" అంది.

ఆదివారం సెల్లార్‌లో వినయ్ ప్రమాదం గురించి అపార్టుమెంటు సంఘం మీటింగు పెట్టారు. అధ్యక్షురాలు స్వరూపరాణి సిద్దిరాములును కూడా పిలిపించింది. ఆయన స్తంభం పక్కన నిలబడ్డాడు. భానుమూర్తి లేచాడు. 

"తప్పు సిద్దిరాములుది కాదు, నాది. ఆయన స్ప్రాకెట్లు మార్చమన్నాడు, నేను వద్దన్నాను. మీ బండ్లు బాగున్నాయన్నదీ నేనే. చైన్లు మంచివే. వినయ్ చెయ్యి విరగడానికి కారణం నేను."

 స్వరూపరాణి కళ్ళు తుడుచుకుంది.

"చూసిన్రా సార్ ఎంత మంచోడో! గరీబోని పొట్ట గొట్టొద్దని నింద తన మీద ఏసుకుంటున్నడు."

చప్పట్లు మోగాయి.

"అమ్మా, నేను నిజం చెబుతున్నాను!"

"గందుకే సార్ మీరంటే మాకు ఇంత గౌరవం. కూసోండ్రి." ఆమె సిద్దిరాములు వైపు తిరిగింది. "నువ్వేమంటవ్?"

"సార్ చెప్పిండు గద. అదే మాట పోయిన ఆదివారం నేను జెప్పిన."

"సార్ మాట అడ్డం పెట్టుకొని తప్పించుకోకు. రెండు రోజులల్ల జాగ ఖాళీ చెయ్యి."

మంగళవారం టార్పాలిన్ పోయింది. బుధవారం ఆ చోట సున్నంతో గీతలు గీశారు. గురువారం ఆ గీతల మధ్య స్వరూపరాణి కొడుకు కొత్త కారు నిలబడింది.

శనివారం భానుమూర్తి బండిని మెల్లగా నడుపుకుంటూ మీర్‌పేట్ వెళ్ళాడు. సిద్దిరాములు తన ఇంటి ముందే, మురుగు కాలువ పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. బాగుచేయడానికి ఒక్క బండీ లేదు.

"ఏంది సార్, ఇంత దూరం ఒచ్చిన్రు?"

"సెట్టు మొత్తం మార్చు."

ఆయన దులుపుకుని లేచి, ముప్పావుగంటలో రెండు స్ప్రాకెట్లూ చైనూ మార్చేశాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది.

"మీటింగులో నిజం చెప్పాను. నువ్వు విన్నావు కదా," అన్నాడు భానుమూర్తి.

"ఇన్న సార్. మీరు నోటితోటి చెప్పిన్రు. నన్ను తిట్టింది మాత్రం ఫొటో పెట్టి రాసిన్రు." సిద్దిరాములు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "గది ఇంక గట్లనే ఉన్నది."

భానుమూర్తి అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. విప్పిన పాత స్ప్రాకెట్‌ను కొత్తదాని పక్కన పెట్టి ఫొటో తీశాడు. జరిగింది జరిగినట్టు, ఒక్క మాట దాచకుండా, సిద్దిరాములుకు క్షమాపణతో సహా గ్రూపులో రాశాడు. వినయ్ పేరు దగ్గర ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. సిద్దిరాములుకు చదివి వినిపించి, పంపాడు. ఇన్ని రోజుల తరవాత గుండె తేలికయినట్టు అనిపించింది.

నిమిషం తిరగకుండా స్వరూపరాణి జవాబు వచ్చింది: 'సార్ ఫోన్ ఎవరో హ్యాక్ చేసిన్రు. గా ఫొటో ఎవరూ నొక్కకుండ్రి.' ఆ వెంటనే, జాగ్రత్త కోసం, ఆయన నంబరును గ్రూపులోంచి తీసేశారు.

మర్నాడు అదే గ్రూపులో, ఆయన్ని ఏకగ్రీవంగా లిఫ్టు మరమ్మతుల కమిటీకి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు.