చుట్టూ ఉన్న వేడి

గోదాము గుమాస్తా ఆ చలి పొద్దున ఒక్కటే గట్టిగా అనుకుని ఇంట్లోంచి బయల్దేరాడు. ఇవాళ వచ్చే నలభై డబ్బాల జిగురులో ఒక్క చుక్క కూడా పాడు కానివ్వకూడదు. పోయిన నెల పెట్టెల మీది ఇంగ్లీషు అర్థంకాక సీసాలన్నీ తలకిందులుగా పేర్పించాడు. ఇంకోసారి ఇలా చేస్తే గేటు దగ్గర కూర్చోబెడతానన్నాడు మేనేజరు.

డబ్బాలు దిగాయి. ‘ఆంబియెంట్ టెంపరేచర్’లో ఉంచమని ప్రతిదాని మీదా అంటించిన చీటీలో ఇంగ్లీషులో రాసి ఉంది. రెండో మాట తెలుసు, మొదటిదే కొరుకుడు పడలేదు. పైకెళ్లి అడిగితే పరువు పోతుంది. సొరుగులోని నిఘంటువు తీసి చూస్తే ‘చుట్టూ ఉన్న’ అని ఉంది.

"చుట్టూ ఉన్న వేడిలో పెట్టాలట," అన్నాడు, అక్కడే తోపుడుబండి తోసే బావమరిదితో.

బావమరిది డబ్బాల చుట్టూ తిరిగి చూసొచ్చాడు. "వేడెక్కడుంది బావా? చెయ్యి పెడితే కొంకర్లు పోతోంది."

"లేకపోతే మనమే పెట్టాలి."

ముందు కాపలావాడి గదిలోని హీటరు వచ్చింది. ఒక్కటి ఏ మూలకీ చాల్లేదు. రిపేరని చెప్పి టైపిస్టు బల్ల కిందిదీ, లెక్కల విభాగంవి రెండూ పట్టుకొచ్చారు. మేనేజరు భోజనానికి వెళ్లినప్పుడు ఆయన గదిలోదీ దించేశారు. మిగతా గదులవీ కలిపి పన్నెండు హీటర్లు డబ్బాలను చుట్టుముట్టాయి.

పైన సిబ్బంది గజగజలాడారు. సామాన్లు తీసుకుపోతున్నారంటే కంపెనీ మూసేస్తున్నట్టేనని ఎవరో అన్నారు. అందరూ మేనేజరు మీదికి వెళ్లారు. అలాంటిదేమీ లేదని నచ్చజెప్పబోయిన మేనేజరు, తన హీటరు కూడా లేకపోవడం చూసి అందరినీ బయటికి పంపేశాడు. తలుపు వేసుకుని, తన ఉద్యోగం ఉందో లేదో కనుక్కోవడానికి పెద్దాఫీసుకి ఫోన్ చేశాడు. ఉందన్నారు. అప్పుడు అందరినీ వెంటేసుకుని హీటర్లు వెతుక్కుంటూ గోదాములోకి దిగాడు. గుమాస్తా చీటీ చూపించి, నిఘంటువులో ఉన్న అర్థం చెప్పాడు.

"చుట్టుపక్కల ఎంత వేడి ఉంటే అంతలో ఉంచమని దాని అర్థం," అన్నాడు మేనేజరు పళ్లు కొరుకుతూ. "అంటే ఏమీ చెయ్యక్కర్లేదు."

"ఏమీ చెయ్యకపోవడానికి కూడా ఇంగ్లీషులో ఒక మాట ఉంటుందని నాకేం తెలుసండీ?" అన్నాడు గుమాస్తా.

రేపటి నుంచి గేటు దగ్గరికి పొమ్మని మేనేజరు అంటూండగానే జిగురు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఈ చలికి ఎవరి గోదాములో చూసినా జిగురు రాయిలా బిగిసిపోయిందట. వెచ్చగా ఉంచమని చీటీ మీద రాయకపోవడం తమ తప్పేనట, వేరే సరుకు పంపుతారట. మేనేజరు ఒక మూత తీయించాడు. జిగురు తేనెలా జారింది. గేటు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆఫీసులో ఎవరికి ఏ ఇంగ్లీషు మాట అర్థం కాకపోయినా గుమాస్తానే అడుగుతున్నారు.